తెర మీద చుక్కను చూసేదెవరు?

2012 ఏప్రిల్ 28 అర్ధరాత్రి దాటాక, కాలిఫోర్నియాలోని న్యూపోర్ట్ బీచ్ నుంచి మెక్సికోలోని ఎన్సెనాడాకు సాగుతున్న పడవ పందెంలో ‘ఈజియన్’ అనే 37 అడుగుల తెరచాప పడవ మాయమైంది. అందులోని నలుగురూ చనిపోయారు. దశాబ్దాలుగా జరుగుతున్న ఆ పందెంలో అవే తొలి మరణాలు. నీళ్ల మీద తేలిన చెక్కముక్కల్ని చూసి ఏదో పెద్ద ఓడ తొక్కేసి పోయిందని మొదట అందరూ అనుకున్నారు. తరవాత పడవలో ఉన్న అరచేతిలో పట్టే ఉపగ్రహ ట్రాకర్ వేరే కథ చెప్పింది. కొన్ని నిమిషాలకోసారి అది పడవ ఉన్న చోటును ఇంటర్నెట్‌కు పంపుతూనే వచ్చింది. ఆ చుక్కల్ని కలిపితే వచ్చిన గీత నేరుగా నార్త్ కొరొనాడో దీవి రాళ్ల మీదికి పోయి ఆగింది. ఎక్కడా మలుపు లేదు, వేగం తగ్గిన జాడ లేదు. ఏ ఓడా గుద్దలేదని, కాపలా కొరవడి పడవే దీవికి కొట్టుకుందని యూఎస్ సెయిలింగ్ సంస్థ నియమించిన విచారణ బృందం తేల్చింది.

ట్రాకర్ మాత్రం తన పని తాను చేసింది. ఆ వేళకు ఆ గీతను ఎవరూ చూడలేదు. చూసినా పడవకు కబురు చేరవేసే ఏర్పాటు లేదు. ప్రాణాలు కాపాడాల్సిన పరికరం చివరికి పంచనామాకు పనికొచ్చింది.

విహార పడవల భద్రత కోసం గత ఇరవయ్యేళ్లలో వచ్చిన ఎలక్ట్రానిక్ సరంజామా అంతా ముందు పెట్టుకుని చూస్తే ఈ ప్రశ్నే మళ్లీ మళ్లీ ఎదురవుతుంది. పరికరం సంకేతం పంపుతుంది, సరే. అవతలి కొసన ఎవరున్నారు? ఓడ నడిపే గదిలో, అంటే బ్రిడ్జి మీద, నిలబడ్డ అధికారా, మన పడవలోని తోటివాడా, తీరరక్షక దళమా, ఇంట్లో ఫోన్ పట్టుకున్న భార్యా? దుకాణంలో ఈ పరికరాలన్నీ ఒకే అరలో ఉంటాయి, పెట్టెల మీద రాతలూ ఒకేలా ఉంటాయి. కానీ వాటి సంకేతం అందుకునేవాళ్లు పూర్తిగా వేరు. ఆ తేడా తెలియకుండా కొనేవాళ్లే ఎక్కువని నా అనుమానం.

ముందు ఒక చేదు లెక్క చెప్పుకోవాలి. అమెరికా కోస్ట్ గార్డ్ ఏటా విహార పడవల ప్రమాదాల లెక్కలు వేస్తుంది. 2023లో 3,844 ప్రమాదాలు, 564 మరణాలు. పోయినవాళ్లలో నాలుగింట మూడొంతుల మంది నీట మునిగి పోయారు. అలా మునిగినవాళ్లలో 87 శాతం మంది ఒంటి మీద లైఫ్ జాకెట్ లేదు. కారణాల పట్టికలో ముందుండేవి నడిపేవాళ్ల పరధ్యానం, అనుభవం లేకపోవడం, చుట్టూ చూసుకోకపోవడం, మితిమీరిన వేగం. ప్రాణాలు తీసిన ప్రమాదాల్లో తొలి స్థానం మద్యానిది. వీటిలో చాలా భాగం చిన్న మోటారు బోట్లలో, చెరువుల్లో, నదుల్లో, ఒడ్డు కంటికి కనిపించే దూరంలో జరిగేవే. అట్లాంటా దగ్గరి లేక్ లేనియర్‌లోనో డాలస్ చుట్టుపక్కల జలాశయాల్లోనో శనివారం బోటు అద్దెకు తీసుకునే మన తెలుగు కుటుంబాలకు ఇక్కడ చెప్పబోయే పరికరాల్లో ఒక్కటీ అవసరం పడదు. వాళ్లకు కావలసింది లైఫ్ జాకెట్, నడిపేవాడు నీళ్లలో పడితే ఇంజిన్ ఆగిపోయేలా నడుముకో మణికట్టుకో కట్టుకునే తాడు. 26 అడుగుల లోపు బోట్లలో ఆ ఇంజిన్ ఆపుడు మీటను వాడి తీరాలని 2021 ఏప్రిల్ నుంచి అమెరికాలో ఫెడరల్ చట్టమే ఉంది.

ట్రాకింగ్ పరికరాల అసలు రంగం ఓడలు తిరిగే దారులు, మంచు, రాత్రి, ఒడ్డు కనబడని దూరం. అక్కడ వీటి విలువ నిజంగానే పెద్దది.

అన్నిటికీ మూలం ఏఐఎస్, అంటే ఓడ తన ఉనికిని తానే చాటుకునే రేడియో వ్యవస్థ. 1989లో అలాస్కాలో ఎక్సాన్ వాల్డెజ్ ట్యాంకరు రాళ్లకెక్కి సముద్రాన్ని చమురుమయం చేశాక, ట్యాంకర్ల కదలికల్ని ఒడ్డు నుంచి గమనించాలన్న పట్టుదల అమెరికాలో పెరిగింది. 1990 నాటి చట్టం, ఆ తరవాతి ప్రయోగాలు మెల్లగా అంతర్జాతీయ ప్రమాణానికి దారితీశాయి. సముద్రంలో ప్రాణరక్షణ కోసం దేశాలు చేసుకున్న సోలాస్ ఒప్పందం ప్రకారం అంతర్జాతీయ యాత్ర చేసే 300 టన్నులు, ఆ పై ఓడలన్నీ, ప్రయాణికుల ఓడలన్నీ 2004 చివరికల్లా దీన్ని పెట్టుకోవాల్సి వచ్చింది. పనిచేసే తీరు చెప్పడానికి తేలిక. జీపీఎస్ ఇచ్చిన చోటు, దిశ, వేగం, ఓడ పేరు, తొమ్మిదంకెల ఎంఎంఎస్‌ఐ గుర్తింపు సంఖ్య కలిపి ఒక చిన్న పొట్లంగా కట్టి, మామూలు సముద్రపు వీహెచ్‌ఎఫ్ పట్టీలోనే 161.975, 162.025 మెగాహెర్ట్జ్ అనే రెండు చానళ్ల మీద విసురుతుంది. ఒక్కో చానల్లో నిమిషానికి 2,250 గడులు. ఏ ఓడ ఏ గడిలో మాట్లాడాలో ఓడలే తమలో తాము సర్దుకుంటాయి. మధ్యలో పెద్దమనిషి లేడు, టవర్ లేదు, నెలసరి బిల్లు లేదు. సముద్రం మీద ఇంత చక్కగా కుదిరిన పంపకం మరొకటి లేదేమో.

పెద్ద ఓడలవి క్లాస్ ఏ పెట్టెలు. 12.5 వాట్ల శక్తి, నడుస్తున్నప్పుడు వేగాన్నిబట్టి రెండు నుంచి పది సెకన్లకో కబురు. విహార పడవల కోసం వచ్చింది క్లాస్ బి. అందులో పాతరకానికి 2 వాట్లు, 30 సెకన్లకో కబురు. అదీ గడి ఖాళీగా ఉందో లేదో విని, ఉంటేనే నోరు విప్పుతుంది. రద్దీ ఎక్కువైతే తన వంతు వదులుకుంటుంది. కొత్తరకానికి 5 వాట్లు. వేగం గంటకు 23 నాటికల్ మైళ్లు దాటితే అయిదు సెకన్లకోసారి మాట్లాడుతుంది. ఈ తేడా ఎందుకు ముఖ్యమో చిన్న లెక్క వేస్తే తెలుస్తుంది. గంటకు ఆరు మైళ్లు పోయే తెరచాప పడవ 30 సెకన్లలో 90 మీటర్లు కదులుతుంది, దానికి పాతరకం చాలు. గంటకు 30 మైళ్లు పోయే మోటారు బోటు అదే వ్యవధిలో 460 మీటర్లు దాటేస్తుంది. తెర మీద దాని చుక్క ఎప్పుడూ అది లేనిచోటే ఉంటుంది. డబ్బు మిగుల్తుందని వేగపు బోటుకు పాతరకం పెట్టించడం పొదుపు అనిపించుకోదు.

చిన్న పడవల్లో ఇదంతా లేనినాటి సంగతి ‘ఊజో’ ఉదంతం చెబుతుంది. 2006 ఆగస్టులో ఇంగ్లండ్ దక్షిణ తీరాన, ఐల్ ఆఫ్ వైట్ దగ్గర, ముగ్గురు యువకులున్న పాతిక అడుగుల పడవ అది. ‘ప్రైడ్ ఆఫ్ బిల్బావో’ అనే భారీ ఫెర్రీ రాత్రివేళ దానికి అతి దగ్గరగా పోయిందని, గుద్దడం వల్లనో ఓడ లేపిన అలల వల్లనో పడవ మునిగిందని బ్రిటిష్ ప్రమాద విచారణ సంస్థ ఎంఏఐబీ నిర్ధారణకు వచ్చింది. ఫెర్రీ అధికారి మీద కేసు నడిచింది గానీ జ్యూరీ అతన్ని నిర్దోషిగా వదిలేసింది. కేసు సంగతి పక్కన పెట్టి నివేదిక చూస్తే రెండు విషయాలు గుచ్చుకుంటాయి. పడవ తెరచాప కొయ్యకు కట్టిన రాడార్ రిఫ్లెక్టర్ పెద్దగా పనిచేసే రకం కాదు. రాత్రి హైవే మీద లైటు లేని ఎడ్లబండి ఎంత కనబడుతుందో ఓడ రాడార్‌కు అంతే కనబడింది. ఇక రెండోది, ఆ యువకులు వెంటనే చనిపోలేదు. లైఫ్ జాకెట్లతో గంటల తరబడి నీళ్లలో బతికి ఉన్నారు. వాళ్లు అక్కడున్నారని ఎవరికీ తెలియలేదు. ఆ రాత్రి పడవలో ఏఐఎస్ ఉండి ఉంటే ఓడ ముందే చూసేదేమో; ఒక్కరి జేబులోనైనా ఉపగ్రహ బీకన్ ఉండి ఉంటే మాత్రం వాళ్లను వెతకడం మొదలయ్యేది. మొదటిది ఆశ, రెండోది దాదాపు ఖాయం. నా మటుకు ఖర్చుల వరసలో ఖాయమైనదే ముందుండాలి.

ఎందుకంటే ఏఐఎస్ పెట్టాం కదా, ఓడలవాళ్లు చూసుకుంటారులే అన్న ధీమా చాలామందిలో ఉంది. ఓడ బ్రిడ్జి మీద ఏం జరుగుతుందో ఊహించుకోవాలి. క్లాస్ ఏ పెట్టెకు చట్టం అడిగే కనీస తెర ఒక చిన్న అక్షరాల పలక. దగ్గరున్న మూడు ఓడల వివరాలు కనబడితే చాలునంటారు. పాత ఓడల్లో ఏఐఎస్ చుక్కలు రాడార్ తెర మీదికి రావాలన్న నిర్బంధం లేదు. పెట్టె ఓ మూల ఉంటుంది, అధికారి ఇంకో మూల ఉంటాడు. చిన్న పడవల చుక్కలు తెర నిండితే వాటిని వడగట్టే సదుపాయం కొన్ని తెరల్లో ఉన్నమాటా నిజమే. ఓడలవాళ్లు మనల్ని కావాలనే చెరిపేస్తారన్న పుకారు మెరీనాల్లో జోరుగా తిరుగుతుంటుంది. నిజానికి అంతకన్నా మామూలు కారణాలే ఎక్కువ కొంప ముంచుతాయి. రాత్రి రెండింటికి ఒంటరిగా నిలబడ్డ అధికారి, చేతిలో కాగితాల పని, కిటికీలో తన మొహమే కనబడేలా వెలుగుతున్న తెరలు.

అందుకే నావికులు ఏఐఎస్ మేలు ఎక్కడుందంటే పంపడంలో కన్నా వినడంలో ఉందంటారు, నేనూ ఆ పక్షమే. ఓడ మనల్ని చూసినా చూడకపోయినా, మనం ఓడను చూస్తాం. దాని పేరు, దిశ, వేగం, మనకు అతి దగ్గరగా ఎంత దూరంలోంచి, ఇంకెన్ని నిమిషాల్లో దాటుతుందో తెర లెక్కగట్టి చెబుతుంది. గంటకు 20 మైళ్లతో వచ్చే కంటెయినర్ ఓడ, ఆరు మైళ్లతో ఎదురెళ్లే పడవ. మంచులో చూపు ఒక మైలే ఆనుతుంటే కనబడ్డాక మిగిలేది రెండు నిమిషాల చిల్లర. పదిహేను మీటర్ల ఎత్తు కొయ్య చివర వీహెచ్‌ఎఫ్ యాంటెన్నా ఉంటే అదే ఓడ ఇరవై మైళ్ల దూరం నుంచే తెర మీదికొస్తుంది. రెండు నిమిషాలు కాస్తా ముప్పావుగంటవుతుంది. యాంటెన్నాను వెనక కమ్మీకి బిగిస్తే ఈ దూరం పదిహేను మైళ్లకు తగ్గుతుంది. అయినా కొయ్య విరిగిన రోజు కోసం అక్కడొకటి అదనంగా ఉంచుకోవడం మంచిదే.

తెర చెప్పే ఈ లెక్కను గుడ్డిగా నమ్మడానికీ లేదు. అలల మీద చిన్న పడవ మూతి అటూ ఇటూ పది, పదిహేను డిగ్రీలు ఊగుతుంది. జీపీఎస్ చెప్పే దిశ దాంతోపాటే ఊగుతుంది. ఒక క్షణం ఓడ మైలు దూరం నుంచి పోతుందంటుంది, మరుక్షణం మన మీదికే వస్తోందంటుంది. అనుభవం ఉన్నవాళ్లు ఒక్క అంకెను పట్టుకోరు. రెండు మూడు నిమిషాలు చూసి సగటు ఎటు మొగ్గుతోందో గమనిస్తారు, దిక్సూచితో ఓడ దిశ కొలుస్తారు. తీరం దగ్గర రద్దీలో అలారం నిమిషానికోసారి కూస్తుంటే విసిగి ఆపేస్తారు. అది మానవ సహజం. నడిసంద్రానికి వచ్చాక మళ్లీ ఆన్ చేయడం మర్చిపోతారు. అదీ సహజమే, ప్రమాదమూ అదే.

ఓడ పేరు తెలియడం వల్ల వీహెచ్‌ఎఫ్‌లో పేరుపెట్టి పిలిచే వీలుంది. ‘నా కుడివైపు ఉన్న ఓడా’ అని గాల్లోకి అరిచే రోజులకన్నా ఇది నయం. అయితే బ్రిటన్ నౌకా భద్రతా సంస్థ ఈ మాటల బేరం గురించి గట్టిగా హెచ్చరిస్తుంది. ఒప్పందం కుదిరిందనుకుని ఇద్దరూ నియమాలకు భిన్నంగా తిరిగిన ఘటనలు ఉన్నాయి. కళ్లతో, చెవులతో, అందుబాటులో ఉన్న అన్ని సాధనాలతో కాపలా కాయాలని సముద్ర నియమాల్లో అయిదోది చెబుతుంది. ఏఐఎస్ ఆ సాధనాల్లో ఒకటి, అంతే. దాన్ని పెట్టుకోని జాలరి పడవలు, దుంగలు, నీట సగం మునిగిన కంటెయినర్లు ఏ తెర మీదికీ రావు. పైగా ఇప్పుడు వలల గుర్తులకు కూడా చవక ఏఐఎస్ బీకన్లు కడుతున్నారు. ఓడ అనుకుని తప్పుకుంటే అక్కడ తేలేది ఒక వెదురు గడ. ఇలాంటివి అమ్మడం, వాడటం చట్టవిరుద్ధమని అమెరికా కమ్యూనికేషన్ల కమిషన్ 2018లో గట్టిగానే చెప్పింది.

కాపలా ఎంత బలహీనమైందో 2009 సెప్టెంబరులో ఆస్ట్రేలియా తూర్పు తీరాన తేలింది. ప్రపంచాన్ని ఒంటరిగా చుట్టి రావడానికి సిద్ధమవుతున్న పదహారేళ్ల జెసికా వాట్సన్, పరీక్ష యాత్ర తొలిరాత్రే ‘సిల్వర్ యాంగ్’ అనే సరకు ఓడకు రాసుకుంది. చుట్టూ చూసి, ఏమీ లేదనుకుని కునుకు తీసిందామె. కొయ్య విరిగింది, ప్రాణం దక్కింది. రెండు పక్షాలూ సరైన కాపలా కాయలేదని ఆస్ట్రేలియా రవాణా భద్రతా సంస్థ రాసింది. ఆమె ఆ తరవాత యాత్ర పూర్తిచేసి 2010 మేలో సిడ్నీ చేరింది. ఒంటరి నావికులకు ఈ చిక్కు ఎప్పటికీ వదలదు. మనిషి నిద్రపోవాలి, నియమం నిద్రపోవద్దంటుంది. వాళ్లకు బాగా గట్టిగా మోగే అలారం ఒక్కటే తోడు. దాన్ని పడక పక్కనే బిగించుకోవాలి.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఎక్కువ గౌరవం ఉన్న పరికరం దగ్గరికొద్దాం. లైఫ్ జాకెట్ లోపల మడిచి పెట్టే ఏఐఎస్ బీకన్. మనిషి నీళ్లలో పడగానే జాకెట్ ఉబ్బుతుంది, దాంతో బీకన్ తెరుచుకుని 972తో మొదలయ్యే సంఖ్యతో అరవడం మొదలుపెడుతుంది. పడవ తెర మీద వృత్తంలో ఇంటూ గుర్తు కనబడుతుంది. పడినవాడి చోటు, దూరం, దిశ తెలుస్తాయి. సముద్రం కాస్త ఎగసిపడుతున్నప్పుడు మనిషి తల ఎంత తొందరగా కనుమరుగవుతుందో పడవెక్కినవాళ్లకే తెలుసు. తెరచాపలు దించి, ఇంజిన్ స్టార్ట్ చేసి, తిరిగి వచ్చేలోపు పడవ అరమైలు దాటి ఉంటుంది. 2014 మార్చిలో క్లిపర్ ప్రపంచ పందెంలో, ఉత్తర పసిఫిక్‌లో, ఒక నావికుడు చలి తుపానులో పడిపోయి గంటన్నరకు పైగా నీళ్లలో ఉన్నాడు. అతన్ని బతికి ఉండగానే వెతికి పట్టుకోవడంలో అతని ఒంటి మీది ఏఐఎస్ బీకన్‌దే పెద్ద పాత్ర.

ఈ బీకన్‌కు హద్దులున్నాయి. యాంటెన్నా నీటికి జానెడు ఎత్తులో ఉంటుంది కాబట్టి సంకేతం నాలుగైదు మైళ్లకు మించి ఆశించకూడదు. అది పిలిచేది ముందుగా సొంత పడవను, ఆ చుట్టుపక్కల పడవల్ని. పాత చార్ట్‌ప్లాటర్లు, అంటే పడవలో పటం చూపే తెరలు, 972 సంఖ్యను గుర్తుపట్టక మామూలు ఓడ చుక్కలా చూపిస్తాయి, అలారం మోగదు. కొన్నాక పరీక్ష మోడ్‌లో ఒకసారి మోగించి చూస్తే ఈ సంగతి ఒడ్డునే తెలుస్తుంది. ఒంటరిగా వెళ్లేవాడికి ఇది దండగ, ఆటోపైలట్‌తో సాగిపోయే ఖాళీ పడవలో అలారం విని వెనక్కి తిప్పేదెవరు? అతని నడుముకు కావలసింది పీఎల్‌బీ. అది నేరుగా ఉపగ్రహంతో మాట్లాడుతుంది.

పీఎల్‌బీ మనిషిది, ఈపర్బ్ పడవది. రెండూ 406 మెగాహెర్ట్జ్ మీద కాస్పాస్-సార్‌శాట్ ఉపగ్రహాలకు మొరపెడతాయి. అమెరికా, కెనడా, ఫ్రాన్స్, అప్పటి సోవియట్ యూనియన్ ప్రచ్ఛన్న యుద్ధం నడిమధ్యలో కలిసి మొదలుపెట్టిన వ్యవస్థ ఇది. 1982 నుంచి మనుషుల్ని కాపాడుతోంది. మన దేశంలో దీని కేంద్రం బెంగళూరులో ఇస్రోకు చెందిన ఇస్‌ట్రాక్ దగ్గర ఉంది. పాత 121.5 మెగాహెర్ట్జ్ బీకన్లను ఉపగ్రహాలు వినడం 2009 ఫిబ్రవరిలోనే ఆగిపోయింది. ఇంకా ఎవరి పడవలోనైనా అది వేలాడుతుంటే అలంకారమే. 2020 నుంచి గెలీలియో ఉపగ్రహాలు, ఆ సదుపాయమున్న బీకన్లకు, మీ మొర అందిందని తిరుగు సంకేతం పంపుతున్నాయి. నీళ్లలో ఉన్నవాడికి ఆ చిన్న దీపం ఎంత ధైర్యమో వేరే చెప్పాలా. 2022 జూలై నుంచి ఓడల్లో కొత్తగా పెట్టే ఈపర్బ్‌లలో ఏఐఎస్ సంకేతం కూడా ఉండాలన్న నియమం వచ్చింది. ఉపగ్రహం దూరంలో ఉన్న కేంద్రానికి చెబుతుంది, ఏఐఎస్ పక్కనున్న పడవకు చెబుతుంది. ఇన్నాళ్లూ విడిగా ఉన్న ఇద్దరు శ్రోతల్ని ఒక్క పెట్టె కలిపింది.

వీటన్నిటిలో అతి చవకైనదీ, అందరూ నిర్లక్ష్యం చేసేదీ నమోదు. బీకన్ మోగగానే కేంద్రం చేసే మొదటి పని ఉపగ్రహం వైపు చూడటం కాదు, ఫోన్ తీయడం. నమోదు కాగితంలో ఉన్న భార్యకో అన్నకో ఫోన్ చేసి పడవ నిజంగా సముద్రంలో ఉందా, ఎంతమంది ఎక్కారు, ఏ రంగు అని అడుగుతారు. మోగేవాటిలో అత్యధికం ఉత్తుత్తివే కాబట్టి ఈ ఫోన్ చాలా ముఖ్యం. నమోదు లేకపోతే ఆ మొర ఎవరిదో తేలేసరికే విలువైన సమయం పోతుంది. వీహెచ్‌ఎఫ్ రేడియోలోని ఎర్ర బటన్ కథ ఇంకా విచారకరం. మూత ఎత్తి నొక్కితే ఎంఎంఎస్‌ఐ, చోటు కలిపి ఆపద సంకేతం వెళ్తుంది. అలా తమకు వచ్చే సంకేతాల్లో సుమారు 90 శాతం వాటిలో చోటు ఉండటం లేదని, 60 శాతం వాటిలో నమోదైన గుర్తింపు ఉండటం లేదని అమెరికా కోస్ట్ గార్డ్ ఒక దశలో మొత్తుకుంది. చోటు లేకపోవడానికి కారణం రేడియోకూ జీపీఎస్‌కూ మధ్య రెండు సన్నని తీగలు కలపకపోవడం! వేల డాలర్లు పెట్టి కొన్న పెట్టెలు పక్కపక్కనే ఉండి ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు. పాత పడవ కొన్నవాళ్లు మునుపటి యజమాని ఎంఎంఎస్‌ఐతోనే తిరుగుతుంటారు. ఆపద వస్తే ఫోన్ మోగేది ఆయన ఇంట్లో.

మరి అన్నీ సవ్యంగా ఉంటే ఏం జరుగుతుందో గోల్డెన్ గ్లోబ్ పందెం చూపించింది. అదో వింత పందెం. ఆగకుండా ఒంటరిగా ప్రపంచాన్ని చుట్టాలి, 1968 నాటి పద్ధతుల్లోనే దారి చూసుకోవాలి, జీపీఎస్ ముట్టుకోకూడదు. కానీ ప్రతి పడవలో నిర్వాహకులు చూసే ఉపగ్రహ ట్రాకర్ మాత్రం ఉండి తీరాలి. నడిపేవాడికి తన చోటు ఉజ్జాయింపుగానే తెలుసు, ఒడ్డున కూర్చున్నవాళ్లకు కచ్చితంగా తెలుసు. 2018 సెప్టెంబరు 21న మన నౌకాదళ అధికారి అభిలాష్ టోమీ పడవ ‘తురియా’ దక్షిణ హిందూ మహాసముద్రంలో తుపానుకు పల్టీ కొట్టింది. కొయ్య విరిగింది, వెన్నెముక దెబ్బతింది, లేవలేని స్థితి. పెర్త్‌కు దాదాపు 1,900 నాటికల్ మైళ్ల దూరం, మనిషి జాడ లేని చోటు. ట్రాకర్ వల్ల చోటు తెలుసు, సందేశ యంత్రం వల్ల పరిస్థితి తెలుసు. నౌకాదళం పీ-8ఐ విమానం వెళ్లి పడవను చూసింది. మూడోరోజున ‘ఓసిరిస్’ అనే ఫ్రెంచి గస్తీ నౌక అతన్ని ఎత్తుకుంది.

అదే పందెం 2022లో మళ్లీ జరిగినప్పుడు ఫిన్లండ్ నావికుడు టాపియో లెహ్తినెన్ పడవ నవంబరు 18న దక్షిణాఫ్రికాకు ఆగ్నేయంగా కొద్ది నిమిషాల్లోనే మునిగిపోయింది. ఈపర్బ్ తనంతట తాను మోగింది. వంద మైళ్ల దూరంలో ఉన్న తోటి పోటీదారు కిర్‌స్టెన్ నాయ్‌షేఫర్‌కు నిర్వాహకులు కబురు పంపారు. సీలు వేసిన అత్యవసర జీపీఎస్ విప్పుకోవడానికి అనుమతిచ్చారు. ఆమె రాత్రంతా చుక్కాని పట్టుకుని మర్నాటికి అతని తెప్పను చేరుకుంది. దగ్గరికొచ్చాక కూడా పెద్ద అలల మధ్య తెప్ప ఆమెకు ఆనలేదు, తెప్పలోని అతనికే ఆమె తెరచాప కనబడింది. చేతి రేడియోలో దారి చెప్పుకున్నారు. తరవాత అతన్ని ‘దర్యా గాయత్రి’ అనే సరకు ఓడకు ఎక్కించి ఆమె పందెంలోకి తిరిగొచ్చింది, గెలిచింది కూడా. రెండో స్థానం, కోలుకుని మళ్లీ బరిలోకి దిగిన అభిలాష్ టోమీది. 2017-18లో ‘తారిణి’ మీద ప్రపంచాన్ని చుట్టిన ఆరుగురు నౌకాదళ మహిళల్లో విశాఖ అమ్మాయి స్వాతి, హైదరాబాద్ అమ్మాయి ఐశ్వర్య బొడ్డపాటి ఉన్నారు. ఆ యాత్ర వెనకా ఇలాగే రోజూ పటం ముందు కూర్చునే జట్టు ఉంది.

సామాన్య విహారికి అలాంటి జట్టు ఉండదు. అతనికున్నది ఇంట్లోవాళ్లు. అందుకే పాతకాలపు కాగితం ఇప్పటికీ చెల్లుతుంది. ఎక్కడికి, ఎంతమంది, ఎప్పటికి తిరిగొస్తాం, రాకపోతే ఎవరికి ఫోన్ చేయాలి? బ్రిటన్‌లో ఈ కాగితం స్థానంలో సేఫ్‌ట్రెక్స్ అనే ఫోన్ యాప్ వచ్చింది. చెప్పిన వేళకు తిరిగి రాకపోతే ముందుగా మనం పేరిచ్చినవాళ్లకు కబురు పెడుతుంది, వాళ్లు తీరరక్షకులకు చెబితే దారి మొత్తం వాళ్ల తెర మీదికి వస్తుంది. బాగున్న ఏర్పాటే, సెల్ సంకేతం ఉన్నంతవరకు. ఓడల్ని చూపించే ప్రసిద్ధ వెబ్‌సైట్లను నమ్ముకుని ఢీకొనకుండా తప్పుకుందామనుకునేవాళ్లకు మాత్రం ఒక్క మాట: ఆ చుక్కలు ఒడ్డున ఎవరో పెట్టుకున్న రిసీవర్ విని, ఇంటర్నెట్‌కెక్కించి, ఆలస్యంగా మీ ఫోన్‌కు పంపినవి. భర్త ఏ రేవు చేరాడో చూసుకోవడానికి పనికొస్తాయి, మంచులో దారి తీయడానికి పనికిరావు.

ఇక ఈ భవనమంతా నిలబడింది జీపీఎస్ మీద. కొన్నేళ్లుగా బాల్టిక్, నల్ల సముద్రం, ఎర్ర సముద్రం ప్రాంతాల్లో ఆ సంకేతాన్ని చెడగొట్టడం, తప్పుడు చోటు నమ్మించడం మామూలైపోయింది. ఓడలు విమానాశ్రయాల మీద లంగరేసినట్టు పటాల్లో కనబడుతున్నాయి. అక్కడ యాట్ నడిపేవాళ్లు కాగితం చార్టులు మళ్లీ బయటికి తీస్తున్నారు. గోప్యత గురించిన ఫిర్యాదూ ఉంది. ఇంట్లో లేమన్న సంగతి లోకమంతటికీ చాటుకోవడం ఎందుకని కొందరు ప్రసారం ఆపేసి తిరుగుతారు. దొంగల భయమున్న నీళ్లలో అది అర్థమయ్యే పనే. మంచు కమ్మిన ఓడల దారిలో మాత్రం మొండితనం.

మన తీరానికొస్తే లెక్క వేరు. 2008 ముంబయి దాడుల తరవాత 20 మీటర్లు దాటిన పడవలకు ఏఐఎస్ తప్పనిసరైంది. తీరం పొడుగునా లైట్‌హౌసుల మీద రిసీవర్ల గొలుసు వెలిసింది. చిన్న మరపడవల కోసం ఇస్రో రూపొందించిన ట్రాన్స్‌పాండర్లను లక్ష చేపల వేట పడవలకు అమర్చే పథకం 2024 ఆగస్టులో మొదలైంది. ఆ ట్రాన్స్‌పాండర్ రెండువైపులా కబురు పంపుతుంది, సరిహద్దు దగ్గరపడితే హెచ్చరిస్తుంది. 2018లో గుజరాత్ నుంచి వేటకెళ్లి పాకిస్తాన్ చెరలో పడి 2020 జనవరిలో ఇంటికొచ్చిన శ్రీకాకుళం, విజయనగరం జాలర్లకు ఆ ఒక్క హెచ్చరిక విలువ ఎంతో అడిగితే తెలుస్తుంది. విహార పడవలు మనకు తక్కువ. మన జనం నీళ్ల మీద సరదా పడేది ఎక్కువగా టికెట్ కొనుక్కున్న పర్యాటక బోట్లలో. 2024 డిసెంబరు 18న ముంబయిలో ఎలిఫెంటా వెళ్తున్న ‘నీల్‌కమల్’ ఫెర్రీని, ఇంజిన్ పరీక్షలో ఉన్న నౌకాదళ స్పీడ్‌బోటు అదుపు తప్పి పట్టపగలు గుద్దింది. పదిహేను మంది పోయారు. రెండూ ఒకదానికొకటి కనబడుతూనే ఉన్నాయి. అక్కడ ఏ ట్రాన్స్‌పాండరూ ఏమీ చేసేది కాదు.

2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర ‘రాయల్ వశిష్ఠ’ పర్యాటక బోటు మునిగినప్పుడూ అంతే. గోదావరి అయిదు లక్షల క్యూసెక్కుల వరదలో ఉంది. బోటులో 77 మంది. ఒడ్డున ఉన్న గిరిజనులు నాటు పడవలేసుకెళ్లి 26 మందిని లాగారు. బోటు ఎక్కడ మునిగిందో తొలి నిమిషం నుంచే ఊరందరికీ తెలుసు, అయినా దాన్ని బయటికి తీయడానికి 38 రోజులు పట్టింది. ఆ ఉదయం లోపించింది జాడ కాదు, రేవులో నిలబడి ‘ఇవాళ బోటు కదలదు’ అని చెప్పే అధికారం. ఆ తరవాత 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బోటింగ్ జరిగే తొమ్మిది చోట్ల కంట్రోల్ రూములు పెట్టింది. గండి పోచమ్మ, పేరంటాలపల్లి, పోచవరం, రాజమండ్రి, రుషికొండ, నాగార్జునసాగర్ లాంటి చోట్ల ప్రవాహం చూసి, లైఫ్ జాకెట్లు లెక్కపెట్టి బోటును వదలాలన్నది ఏర్పాటు.

అక్కడ బోటుకు ట్రాకర్ బిగించడం తేలిక పని. పాపికొండల మధ్య సెల్ సంకేతం ఉండదు, వీహెచ్‌ఎఫ్ కొండ మలుపు దాటదు. చుక్క తెర మీద నిలబడాలంటే మలుపు మలుపుకీ రిపీటరో, ఉపగ్రహంతో మాట్లాడే పెట్టో కావాలి. అంతకన్నా ముందు, భద్రాచలం దగ్గర వరద పెరిగిందన్న కబురు అందగానే అప్పటికే బయల్దేరిన బోటును వెనక్కి పిలవగల మనిషి రేడియో ముందు కూర్చుని ఉండాలి. బడ్జెట్ పుస్తకాల్లో పరికరాల పద్దు ఏటా కనబడుతుంది. ఆ మనిషి జీతం ఏ శాఖ పద్దులో పడాలన్నది ముందు తేల్చాల్సిన విషయం.